పేకాటయు పశ్చాత్తాపమును

మా పుట్టినింట పేకముక్క గడప దాటి లోనికి వచ్చుట నిషిద్ధము. మా మేనమామగారొకరు మూడుముక్కలాటలో రెండెకరముల మాగాణి పోగొట్టుకొనిన నాటినుండి మా అమ్మమ్మగారు ఆ కట్టుబాటు నేర్పరచిరి. అప్పటికి మాకు నాలుగేండ్లు. పొలము పోయిన సంగతి మాకు జ్ఞాపకము లేదు. ఆ తరువాత ముప్పది యేండ్లు జీవించిన మేనమామగారి భార్య, ఆ పొలము గట్టుమీదుగా పోవలసి వచ్చినప్పుడెల్ల ముఖము పెడగా ద్రిప్పుకొని నడచుట మాత్రము బాగుగా జ్ఞాపకమున్నది. అట్టి యింట బుట్టిన మేము అరువదిమూడవ యేట, అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున, మా అమ్మాయి వంటయింటి బల్లయొద్ద గూర్చుండి, కంప్యూటరు గురువుగా పోకరను పేకాట నేర్చుకొంటిమి. సోదరీమణులు ముక్కుమీద వ్రేలు వేసికొందురని యెరుగుదుము. అయినను ఏల నేర్చుకొంటిమో, యంత్రమువలన మాకు దెలిసినదేమో, తెలిసిన పిదప నేమి జరిగెనో యున్నదున్నట్లు చెప్పెదము.

2023వ సంవత్సరము ఏప్రిలు మాసమున మా అమ్మాయి రెండవ కాన్పునకు సాయముగా నచ్చటికి వెళ్ళితిమి. అల్లుడుగారు సాధువులు, ఉద్యోగమున నెమ్మది గలవారు, పెద్దపిల్లవానిని ప్రాణముగా జూచుకొనువారు. ప్రతి శుక్రవారము రాత్రియు మాత్రము స్నేహితుల యింటికి పోయి, తెల్లవారుజామున రెండింటికో మూడింటికో తిరిగివచ్చుచుండిరి. మూడవ వారమున అమ్మాయి పెరుగు చిలుకుచున్న మా ప్రక్కకు వచ్చి నిలుచుండి, "అమ్మా, నాన్నగారితో చెప్పకు" అని మొదలుపెట్టినది. ఆట ఇరువది డాలర్లతో ప్రారంభమయ్యెనట. ఇప్పుడొక్క రాత్రికి మూడువందలు దాటుచున్నదట. పదునొకండు మాసములలో పోయినది ఆరువేల డాలర్లకు పైమాటయట. అది పుట్టబోవు బిడ్డకొరకు విడిగా దాచుకొన్న సొమ్ము. అడిగినచో ఆయన చెప్పు సమాధానమొక్కటే: "ఇది జూదం కాదు, నేర్పుతో ఆడే ఆట. ఈ మధ్య నాకు ముక్కలు పడటం లేదంతే."

ఆ మాట విన్నంతనే మా మేనమామగారి కంఠధ్వని మా చెవిని సోకినట్లయ్యెను. కాని యేమి చేయగలము? అత్త యల్లుని మందలించుట మన యిండ్లలో మర్యాద గాదు. మందలించినచో దాని ఫలము మన వెనుక కూతురే యనుభవింపవలెను. అదియునుగాక, మాకా యాట తెలియదు. ఎరుగని దానిని దూషించుట సులభమేగాని, అట్లు దూషించినవారి మాటకు విలువ యుండదు. రెండు దినము లాలోచించి మూడవనాడు కాఫీ యిచ్చుచు, "బాబూ, మీరాడే ఆటేదో నాకూ కాస్త నేర్పుతారా? పిల్ల నిద్రపోయినప్పుడు తోచడం లేదు" అని యడిగితిమి. ఆయన "మీరా అత్తయ్యగారూ!" అని చాలసేపు నవ్విరి. ఆ సాయంకాలమే తమ పాత టాబ్లెట్టును తెచ్చి మా చేతికిచ్చిరి.

ఆ యాట స్వరూపము క్లుప్తముగా నిది. దీనిని టెక్సాస్ హోల్డెమ్ అందురు. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు రహస్యముగా పంచుదురు. పిమ్మట నందరికిని ఉమ్మడిగా బల్లమధ్య మొదట మూడు, తరువాత నొకటి, తరువాత మరియొకటి ముఖము పైకి పరతురు. ఈ యేడింటిలో మేలైన యైదింటిని గూర్చుకొనినవారిదే గెలుపు. ముక్కలు పంచిన వెంటనే యొకసారి, ఆపై బల్లమీద ముక్కలు పడిన ప్రతిసారియు పందెము సాగును. ఎదుటివారి పందెమునకు సమానముగా బిళ్ళలు పెట్టవచ్చును, పెంచవచ్చును, లేదా చేతిముక్కలు పడవేసి తప్పుకొనవచ్చును. తక్కినవారందరు తప్పుకొనినచో మిగిలినవాడు తన ముక్కలు చూపకయే కుప్ప తీసికొనును. కావున నీ యాటలో బుకాయింపునకు గొప్ప చోటున్నది. మన రమ్మీలో నెవరి చేయి వారు కలుపుకొందురు. ఇందు మాత్రము మన చేతికన్న నెదుటివాని చేతిని గూర్చిన యూహయే ముఖ్యము.

టాబ్లెట్టులోని మొదటి యాటలో ఊరక పదివేల నాణెములిచ్చిరి. అవి నిజమైన నాణెములు గావు, కంటికి గనబడు బొమ్మలు. వారము దిరుగకమునుపే వానిని డెబ్బదినాలుగువేలు చేసితిమి! గర్వముతో మా వారికి ఫోను చేసి చెప్పగా, "ఏమే, పెద్దతనంలో ఇదేం బుద్ధి?" అనిరి. అల్లుడుగారు మాత్రము నవ్వి, ఆ గెలుపునకు విలువ లేదని చెప్పిరి. ఆ మాట నిజమే. ఊరక వచ్చిన నాణెములు పోయినను బాధ లేదు గనుక అచ్చట నెవరును ముక్కలు పడవేయరు, ప్రతి పందెమునకును పలుకుదురు. అట్టివారి నడుమ మంచి ముక్కలు వచ్చువరకు ఊరకుండి, వచ్చినప్పుడు పెంచినచో నెవరైనను గెలుతురు. సొమ్ము పెట్టి యాడు బల్లమీద ఆ యలవాటుతో నిలువలేము. ఆ టాబ్లెట్టులోనే వీడియో పోకర్ అను వేరొక యాటయు నుండెను. అందెదుటివాడే లేడు. యంత్రమైదు ముక్కలిచ్చును, వలసినవి యుంచుకొని తక్కినవి మార్చుకొనవలెను, వచ్చిన చేతినిబట్టి పట్టిక ప్రకారము చెల్లించును. జాకీల జంటతో చెల్లింపు మొదలగు రకములో, మంచి పట్టిక గల యంత్రముపై తప్పేలేకుండ నాడినను నూటికి 99.54 మాత్రమే తిరిగివచ్చును. పట్టిక కొంచెము తగ్గించిన రకములో 97.30 వచ్చును. ఎంత నేర్చినను యంత్రము యజమానిదే పైచేయి. ఈ రెండును కాలక్షేపములేగాని చదువు గావు.

చదువు మూడవదానితో ప్రారంభమయ్యెను. అది శిక్షణకొరకే చేసిన సాఫ్టువేరు. అది తెరమీద మన రెండు ముక్కలను, మనము కూర్చున్న స్థానమును, ముందువారు చేసిన పనిని జూపి, "ఇప్పుడేమి చేయుదువు?" అని యడుగును. మనము జవాబు చెప్పగనే ఆ జవాబువలన సగటున నెంత లాభమో, యెంత నష్టమో లెక్క చూపును. మొదటినాడు యాబది ప్రశ్నలలో నిరువదిమూడు తప్పితిమి. తప్పులన్నియు నొకే జాతివి. మాకు ముక్కలు పడవేయుటకు చేతులు రాలేదు! పిడికెడన్నము మిగిలినను మరునాటికి పులిహోరయో తాలింపన్నమో చేయు చేతులు మావి. వచ్చిన దేదైనను ఎందుకో యొకందులకు పనికివచ్చునను బుద్ధి వంటయింట సుగుణమే. పేకబల్లయొద్ద నదియే కొంప ముంచునది. మొదట పంచు రెండు ముక్కలు 1,326 విధములుగా రావచ్చును. వానిని పోలికనుబట్టి చేర్చినచో 169 రకములు. తొమ్మండుగురు కూర్చున్న బల్లలో మొదటగా పలుకవలసినవాడు నూటికి ఎనుబదికిపైగా చేతులను పడవేయవలెనని యంత్రము చెప్పెను. జంట ముక్కలు పదునేడింటికొకసారి వచ్చును. ఆసుల జంటయైనచో 221 సారులకొకసారి మాత్రమే వచ్చును. కావున నీ యాటలో నెక్కువపని యాడుట గాదు, ఆడకుండుట.

తరువాత నేర్చినది బేరపు లెక్క. కుప్పలో నూరు డాలర్లున్నవి, ఎదుటివాడు యాబది పెట్టెను. మనమును యాబది పెట్టినచో కుప్ప మొత్తము రెండువందలు. రెండువందలలో మన యాబది నాలుగవ వంతు. కాబట్టి నాలుగింట నొకసారికంటె నెక్కువగా గెలువగలమని తోచిననే పెట్టవలెను, లేనిచో తప్పుకొనవలెను. సంత కేగి వంకాయల బేరమాడువారికి తెలియని దిందేమియు లేదు. నలువదేండ్లుగా పద్దుల పుస్తకము వ్రాయుచున్న మాకీ భాగము వెంటనే యెక్కెను. కాన్పు ముగిసి, మనుమరాలు జూను మాసమున పుట్టిన పిదప, రాత్రులు బిడ్డను తొడమీద జోకొట్టుచు ఎడమచేత నీ లెక్కలు చేయుచుంటిమి. జూలై మాసాంతమునకు యాబదింట నాలుగైదు తప్పులకు వచ్చితిమి.

ఇంతకు యంత్రము చెప్పు సమాధానము నిజమని యెట్లు నమ్ముట? ఈ ప్రశ్న మేమును అడిగితిమి. దాని వెనుక నొక చరిత్ర గలదు. జాన్ వాన్ నాయ్‌మన్ అను గణితశాస్త్రవేత్త 1928లోనే ఆటలను గణితముచే విమర్శించుచు వ్యాసము వ్రాసెను. 1944లో ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్‌తో గలసి ప్రకటించిన గ్రంథమున పోకరునుగూర్చి ప్రత్యేకముగా చర్చించి, బుకాయింపు దుర్గుణము గాదనియు, సరియైన పాలులో నది యాటకు తప్పనిసరి యనియు నిరూపించెను. 2007లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమునకు చెందినవారు కంప్యూటరు తనతో తానే యాడి నేర్చుకొను పద్ధతిని ప్రకటించిరి. ఆ పద్ధతితోనే 2015 జనవరిలో, పందెమునకు హద్దు గల ఇద్దరి హోల్డెమ్ ఆటను ఇంచుమించు సంపూర్ణముగా సాధించితిమని ప్రకటించిరి. అందులకు నాలుగువేలకు పైగా ప్రాసెసర్లు రెండు మాసములకు పైగా పనిచేసినవి. 2017 జనవరిలో, మేమున్న యా పిట్స్‌బర్గు నగరముననే, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన తువోమాస్ శాండ్‌హోమ్, నోమ్ బ్రౌన్ అనువారు నిర్మించిన లిబ్రేటస్ అను కంప్యూటరు నలుగురు వృత్తి యాటగాండ్రతో ఇరువది దినములు, 1,20,000 చేతులు, హద్దులేని పందెముతో ఆడెను. చివర లెక్క చూడగా పదునేడు లక్షల డాలర్లకు పైగా విలువ గల బిళ్ళలు యంత్రమువైపున నుండెను. ఆ బిళ్ళలు నిజమైన ధనము గావు, ఓటమి మాత్రము నిజమైనది. పగలు తన యాటలో నెదుటివారు కనిపెట్టిన లోపములను ఆ యంత్రము రాత్రి సవరించుకొనెడిదట.

ఆ నేర్చుకొను పద్ధతి పేరు వినగనే మేమాశ్చర్యపడితిమి. ఆంగ్లేయమున దానికి పెట్టిన పేరులో పశ్చాత్తాపమను మాటయే యున్నది. యంత్రము మొదట పసిబిడ్డవలె తోచినట్లాడును. ఒక్కొక్క చేయి ముగిసినంతనే, అది నిర్ణయము చేసిన ప్రతి మలుపునకు తిరిగిపోయి, "ఇచ్చట పెట్టితిని. పడవేసియుండినచో నెంత మిగిలెడిది? పెంచియుండినచో నెంత వచ్చెడిది?" అని లెక్కించును. ఆ భేదమే దాని పశ్చాత్తాపము. దానిని పద్దు వేసికొని, మరుసారి అట్టి మలుపువద్ద ఎక్కువ పశ్చాత్తాపము మిగిల్చిన పనినే యెక్కువ సారులు చేయును. ఇట్లు కోట్లకొలది సారులాడగా సగటు పశ్చాత్తాపము సున్నకు చేరువయగును. ఇద్దరి యాటలో నట్టి యంత్రమును దీర్ఘకాలమున గెలుచుట యసాధ్యము. మనము పడు పశ్చాత్తాపము వేరు. మనము ఫలమునుగూర్చి విచారింతుము, పోయినదానికి ఏడ్తుము, వచ్చినదానికి మురియుదుము. యంత్రము చేసిన యెంపికనుగూర్చి మాత్రమే విచారించును. ఇంటి కంప్యూటరులలో నుపయోగించు సాల్వరను సాఫ్టువేరును చిన్న మేర నిట్టి లెక్కనే చేయును.

ఆగస్టు మాసమున నొక వానరాత్రి బిడ్డ త్వరగా నిద్రపోయెను. అల్లుడుగారు మా బల్లయొద్దకు వచ్చి కూర్చుండి, గత శుక్రవారము తమకు జరిగిన యన్యాయమును చెప్పిరి. చేతిలో నాసుల జంట. ఎదుటివానికి రాజుల జంట. ముక్కలు బల్లమీద పడకమునుపే యిద్దరును ఉన్నదంతయు పెట్టిరి. చివరి ముక్కగా రాజు పడెను. "చూశారా అత్తయ్యగారూ, నా అదృష్టం ఎలా ఉందో!" అనిరి. మేము సాల్వరులో ఆ చేతిని వేసి చూపితిమి. ఆసులు నూటికి ఎనుబదిరెండు సారులు గెలుచును. పెట్టుట సరియే, పశ్చాత్తాపము సున్న. ఆయన సంతోషించిరి. అప్పుడు మేము, "మీరు గెలిచిన చేయి ఒకటి చెప్పండి" అంటిమి.

గెలిచినది వర్ణించునప్పుడాయన కన్నులు మెరసెను. చేతిలో రెండు ఇస్పేట్లు, బల్లమీద నాలుగు ముక్కలలో రెండిస్పేట్లు. మరియొక యిస్పేటు పడినచో నైదును నొకే జాతియై గెలుపు తప్పదు. కుప్పలో ఎనుబది డాలర్లు. ఎదుటివాడు తనకు మిగిలిన యరువది డాలర్లను పెట్టెను. అల్లుడుగారు ధైర్యము చేసి తామును అరువది పెట్టిరి. ఇస్పేటు పడెను! నూటనలువది వచ్చెను. మేము లెక్క వేసితిమి. కనబడని ముక్కలు 46. వానిలో నిస్పేట్లు తొమ్మిది. అనగా ఇంచుమించు ఐదింటికొకసారి గెలుపు. ఐదుసారు లిట్లే పెట్టినచో ఒకసారి నూటనలువది వచ్చును, నాలుగుసారులు అరువదేసి పోవును. వచ్చినది 140, పోయినది 240. ప్రతి సారియు సగటున నిరువది డాలర్లు పారవేసినట్లు.

ఆయన తెరవంక చాలసేపు చూచి, "అయితే నేను మెచ్చుకున్న రోజే తప్పు ఆడానన్నమాట" అనిరి. "నేననడం లేదు బాబూ, లెక్క అంటోంది" అంటిమి. మేడమెట్లమీద అమ్మాయి నిలుచుండి వినుచున్న సంగతి మాకప్పుడు తెలియదు.

ఆయన తమ ఫోనులో వ్రాసికొనిన ముప్పదియొక్క చేతులను ఆ రాత్రియు, మరి రెండు రాత్రులును యంత్రమునకు చెప్పిరి. ఎదుటివాని చేత నేవేవి యుండవచ్చునో మనమే యూహించి చెప్పవలెను గనుక ఈ లెక్క దైవవాక్యము గాదు. ఊహ తప్పినచో ఫలమును తప్పును. అయినను దాచలేనంత స్పష్టముగా నొక సంగతి బయటపడెను. ముక్కలు పడలేదని వ్రాసికొనిన యా ముప్పదియొక్కింటిలో పండ్రెండు మాత్రమే నిజముగా దురదృష్టము. పందొమ్మిది స్వయంకృతము. ఆ పందొమ్మిదింట పదునాలుగు అర్ధరాత్రి దాటిన పిమ్మట, అప్పటికే పోయినదానిని రాబట్టుకొనవలెనను పట్టుదలతో ఆడినవి. నిద్రమత్తును, రోషమును యంత్రము లెక్కింపనేరదు. కాని గడియారమును ప్రక్కన బెట్టి చూచినచో నవి తామే కనబడును. ఆట నడుచుచుండగా సాల్వరు నడుగుట మోసమని యాటగాండ్రందరు నందురు. ఇట్లు యాట ముగిసిన పిదప తన తప్పు తాను జూచుకొనుటకే దాని నుపయోగింపవలెను.

ఇచ్చట కథ ముగించినచో బాగుండును. అల్లుడుగారు పేకాట మానిరని వ్రాసినచో నింకను బాగుండును. కాని యది యబద్ధమగును. ఆయన మానలేదు. ఇరువది డాలర్లు మాత్రము జేబున బెట్టుకొని పోయి, పదునొకండు గంటలకు తిరిగివచ్చుటకు మొదలుపెట్టిరి. పోగొట్టుకొనుట మానిరి. తరువాత గెలుచుట మొదలుపెట్టిరి. వరుసగా నైదు శుక్రవారములు గెలిచి మూడువందల నలువది డాలర్లు తెచ్చిరి. ఆరవవారమున అమ్మాయి మా చేయి పట్టుకొని, "అమ్మా, ఇదివరకు ఓడితే భయం. ఇప్పుడు గెలుస్తుంటే ఇంకా భయంగా ఉంది" అనెను. మాకు సమాధానము తోచలేదు.

ఆ మరునాడు పెన్‌హిల్స్ కొండమీది శ్రీవేంకటేశ్వరస్వామి దేవాలయమునకు పోతిమి. ప్రసాదము తీసికొనుచుండగా అమ్మాయి స్నేహితురాలొకతె, అల్లుడుగారి జట్టులోనివారి భార్య, మా ప్రక్కన గూర్చుండెను. మాటలమధ్య నామె తలవంచుకొని, "ఈ నెల మావారు బాగా పోగొట్టుకున్నారు పిన్నిగారూ. ఏం చెయ్యాలో తెలియడం లేదు" అనెను. పులిహోర మా నోట నెండిపోయెను. ఆ మూడువందల నలువది డాలర్లు ఎవరి యింటివో మాకప్పుడు దెలిసెను. బల్లమీద ధనము పుట్టదు, ఒకరి జేబునుండి మరియొకరి జేబునకు పోవును. ఒకడు నేర్చుకొనుట యనగా మరియొకడు పోగొట్టుకొనుటయే. మా మేనమామగారి రెండెకరములు కూడ నెవనికో గెలుపే గదా! అతని యత్తగారెవరైన అతనికి చక్కగా నాట నేర్పియుండిరేమో!

ఆ రాత్రి నిద్రపట్టక, యంత్రము పద్ధతినే మామీద ప్రయోగించుకొంటిమి. ఏప్రిలు మాసమున మాకున్న దారులెవ్వి? ఊరకుండుట, మందలించుట, నేర్చుకొనుట. మాకప్పుడు తెలిసినంతలో మూడవదియే మేలు. దానికి పశ్చాత్తాపము లేదు. కాని యెదుట గూర్చున్నవాని కొక యిల్లున్నదను సంగతి మొదటి దినమే తెలియవలసినది. నిజమునకు తెలియును, లెక్కలోనికి తీసికొనలేదు. ఆ పద్దు మాదే. మరునాడు ఉదయము కాఫీ యిచ్చుచు, గుడిలో విన్నది ఆమె పేరు చెప్పక యొక్క వాక్యమున అల్లుడుగారితో చెప్పితిమి. ఆయన కాఫీ చల్లారువరకు మాటాడలేదు. తరువాతి శుక్రవారము తమ జట్టులో, ఒక్కొక్కరు రాత్రి మొత్తమునకు పది డాలర్లే పెట్టవలెననియు, పోయినచో మరల పెట్టరాదనియు ప్రతిపాదించిరట. ఇద్దరు కోపగించి వేరు బల్లకు పోయిరి. నలుగురు నిలిచిరి. గుడిలో గలిసినామె భర్త ఆ నిలిచినవారిలో నున్నాడో లేడో మేమడుగలేదు. అక్టోబరు మాసమున మేము తిరిగి వచ్చితిమి.

మన దేశమున నుండు సోదరీమణులకొక మాట. రమ్మీ ముఖ్యముగా నేర్పుపై నాధారపడు నాటయని సుప్రీంకోర్టు 1968లో, మన ఆంధ్రప్రదేశమునుండి పోయిన వ్యాజ్యముననే తీర్పు చెప్పెను. ఆ మాటను అడ్డుపెట్టుకొనియే ఫోనులలో పందెపు పేకాటలు వ్యాపించినవి. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను వానిని నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము ధనము పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను దేశమంతటను నిషేధించినది. ధనము పెట్టని యాటల నది నిషేధింపలేదు. కోర్టు తీర్పువలనను, చట్టమువలనను మన యింటి సమస్య పూర్తిగా తీరదు. "నేర్పు గల ఆట" అను మాట నిజమే కావచ్చును. ఆ నేర్పు తనకు నిజముగా గలదో లేదో యెన్నడైన లెక్క చూచుకొనెనా యని యా మాట యన్నవానిని మెల్లగా నడుగుట మనవంతు. దూషణము విని లేచిపోవువాడును లెక్క యెదుట కొంతసేపు కూర్చుండును.

భారతమందలి నలోపాఖ్యానము మన యిండ్లలో నెరుగనివారుండరు. జూదమున రాజ్యము పోగొట్టుకొనిన నలుడు బాహుకుడను పేర రథము తోలుచుండగా, ఋతుపర్ణ మహారాజు త్రోవలోని తాని చెట్టును జూచి దాని యాకులను, కాయలను చూచినంతనే లెక్క చెప్పెను. నలుడు రథమాపి లెక్కించి చూడగా సరిపోయెను. అప్పుడాయన ఋతుపర్ణునివలన అక్షహృదయమను విద్య గ్రహించెను. ఆ సంఖ్యాజ్ఞానము కలిగినంతనే ఆయనను పట్టియున్న కలి వెలికి వచ్చెను. చిన్ననాడు వినినప్పుడు లెక్క నేర్చుకొనినచో కలి యేల విడువవలెనో మాకు బోధపడలేదు. వానరాత్రి వంటయింటి బల్లయొద్ద అల్లుడుగారి ముఖము చూచినప్పుడు బోధపడెను. ఆ కథకు తుదియొకటి గలదు, దానిని మనము తరచు మరతుము. నలుడు మరల జూదమాడి పుష్కరుని గెలిచెను. గెలిచి, వానికి ప్రాణములిచ్చి, వాని భాగము వానికి విడిచి, తమ్మునిగా నాదరించి పంపెను. లెక్క నేర్పినది ఋతుపర్ణుడు. ఈ తుదిపనిని మాత్రము నలునికి నెవరును నేర్పలేదు.

ఇప్పుడు మా పద్దుల పుస్తకమున కొత్తగా నొక గడి గీసికొంటిమి. ఈ యేడు మాగాయ బూజుపట్టెను. మునుపైనచో మా దురదృష్టమని వ్రాసెడివారము. ఈసారి ముక్కలు రెండెండలే యెండబెట్టితిమని, మూడవ యెండకు తీరిక యున్నను బద్ధకించితిమని వ్రాసికొంటిమి. మా వారది చదివి, "పేకాటతో పచ్చళ్ళు కూడా నేర్చుకున్నావా?" అని నవ్విరి. టాబ్లెట్టు బీరువాలో నున్నది. దానితో పని లేదు. గడి మాత్రము నెలనెలయు నిండుచునే యున్నది.